పసుపు అంటిన కాగితాలతో హిందూపురం దాకా

ధర్మవరంలో నేను పనిచేసే మిల్లును మూసేస్తారని ఈ ఎండాకాలం తేలిపోయింది. బుటాలు వాటంతటవే నేసే కంప్యూటర్ జకార్డు మగ్గాలన్నీ వేరే ఊరివాళ్ళకు అమ్మేశారు. ఆ మగ్గాల కరెంటు పని, మరమ్మతు పని చూసే సూపర్‌వైజరును నేను. మా ఆయన ఇంట్లో చేతిమగ్గం నేస్తారు. పట్టు ధర పెరిగినప్పుడల్లా ఆ మగ్గం ఖాళీగా ఉంటుంది. ఇంటికి నిలకడగా వచ్చేది నా జీతమే. పెనుకొండ దగ్గర కార్ల సీట్లకు గుడ్డ నేసే ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ మేనేజరు పోస్టు ఒకటి ఖాళీ ఉందని తెలిసి దరఖాస్తు పెట్టాను. అది వస్తే పొద్దున రైలెక్కి సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. రాకపోతే బెంగళూరుకు పోవాలి. అప్పుడు పిల్లలను, అత్తను వారానికి ఒక్కసారి చూడ్డమే.

దేవుడి దయవల్ల పిలుపు వచ్చింది. పొద్దున పది గంటలకు పెనుకొండ ఫ్యాక్టరీలో సర్టిఫికెట్ల పరిశీలన, తర్వాత మిషన్ల హాలు చూపిస్తారు. మధ్యాహ్నం హిందూపురం ఆఫీసులో ఇంటర్వ్యూ. మా వైపు ఇలాంటి ఉద్యోగానికి పోయిన ఆడవాళ్ళు నాకు తెలిసి లేరు. ఏం తీసుకుపోవాలో అడుగుదామంటే మనిషి దొరకలేదు. అందుకే ఏది పనికొచ్చిందో, ఏది ఏడిపించిందో వెనక వచ్చేవాళ్ళ కోసం రాస్తున్నాను.

ముందురోజు సాయంత్రమే సర్దుకున్నాను. ఒక నీలం ఫైలులో టెన్త్ మెమో, పాలిటెక్నిక్ డిప్లొమా, మా మిల్లు యజమాని రాసిచ్చిన అనుభవ పత్రం. అన్నీ ఒరిజినల్సు. వాటికి జిరాక్సులు మూడు సెట్లు, ఫోటోలు, ఆధార్ కార్డు, రెండు పెన్నులు. ఇంకో సంచిలో మిల్లులో వేసుకునే బూట్లు, ఒక జత చుడీదారు, పెరుగన్నం, నీళ్ళు. చీర కట్టుకునే పోవాలని మా అత్త పట్టు. తిరిగే మిషన్ల దగ్గరికి కొంగుతో పోకూడదని నా పట్టు. చివరికి చీర ఒంటిమీద, చుడీదారు సంచిలో అని ఒప్పందమైంది.

పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి అత్త దీపం వెలిగించి, ఫైలును దేవుడి అరమర ముందు పెట్టి ఉంది. ఫైలు అట్టమీద కుంకుమ బొట్టు కనిపించింది. నాకు మనసు నిండింది.

"దండం పెట్టుకో మే. కదిరి సామి చూసుకుంటాడు" అంది అత్త.

దండం పెట్టుకుని, ఫైలు సంచిలో వేసుకుని బయల్దేరాను. తెరిచి చూడలేదు. మీరు మాత్రం గడప దాటేముందు తెరిచి చూసుకోండి.

మా ఆయన స్కూటరు మీద స్టేషనులో దించారు. ప్యాసింజరు ఏడు దాటినాక కదిలింది. టికెట్టు మామూలు ఖర్చే, ఒక పూట టిఫిను కన్నా తక్కువ. కిటికీ పక్క సీటు దొరికినందుకు లోపలే ఒక దండం పెట్టుకున్నాను. ఆడవాళ్ళు కొందరు పూలగంపలతో ఎక్కారు. వేరుశనగ చేలల్లో ఇంకా మొలక సరిగా లేదు, ఎర్రమన్నే కనిపిస్తోంది. కొత్తచెరువు దగ్గరి స్టేషనులో ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు వేసుకున్న ముప్పయ్యేళ్ళ అబ్బాయి ఎక్కి నా ఎదురుగా కూర్చున్నాడు. అతని చేతిలో కూడా ఒక ఫైలు ఉంది. ఇద్దరం ఒకరి ఫైలు ఒకరం చూసుకున్నాం.

"పెనుకొండకా మేడం? సీటుగుడ్డ ఫ్యాక్టరీకా?" అన్నాడు.

"అవునప్పా. నువ్వు?"

"నేనూ ఆడికే. ఉండేది ఒకటే పోస్టు, మనం ఇద్దరం ఒకే రైల్లో పోతాండాము" అని నవ్వాడు. పేరు నరసింహులు. గోరంట్ల దగ్గర ఒక నూలు మిల్లులో షిఫ్టు ఎలక్ట్రీషియనుగా చేశాడట. ఇప్పుడు ఖాళీ.

అతను కాగితాలు వరస పెట్టుకుంటుంటే నేనూ ఫైలు తెరిచాను. లోపలంతా పసుపు.

అత్త అట్టకు బొట్టు పెట్టి ఊరుకోలేదు. ప్లాస్టిక్ కవర్లలోంచి ఒక్కో కాగితం బయటికి తీసి, నాలుగు మూలలా తడి పసుపు పూసి, మళ్ళీ జాగ్రత్తగా కవర్లలో పెట్టింది. పెళ్ళిపత్రికకు పెట్టినట్టు, కొత్త పట్టా కాగితానికి పెట్టినట్టు. తడి ఆరకుండానే కవరు మూసేసరికి పసుపు లోపల పాకింది. టెన్త్ మెమో మూల పచ్చబడింది గానీ నంబరు చదవడానికి వస్తోంది. డిప్లొమా బాగానే ఉంది. అనుభవ పత్రమే పోయింది. మా యజమాని సిరా పెన్నుతో కుడిచేతి వైపు మూలలో సంతకం చేస్తారు. ఆ సంతకం కరిగి, పసుపులో కలిసి, ఆకుపచ్చ మరకై కూర్చుంది. ఈ ఉద్యోగానికి నా దగ్గర ఉన్న బలమంతా ఆ కాగితమే. డిప్లొమాలు అందరికీ ఉంటాయి.

నరసింహులు వంగి చూశాడు. "పసుపు పెట్టినారే! మా అమ్మయితే జేబులో నిమ్మకాయ పెట్టినాది మేడం. గేటుకాడ వాడు తడిమి ఇదేందని అడిగితే ఏం చెప్పల్ల నేను?"

నవ్వు వచ్చింది, కానీ నవ్వుకుంటూ కూర్చునే సమయం కాదు. మా యజమానికి ఫోను చేశాను.

"సంతకం పోతే పోనీలేమ్మా, ఇంకోటి చేసిస్తా. సాయంత్రం రా" అన్నారాయన.

"పది గంటలకు చూపించాలండీ. రైల్లో ఉన్నాను."

"మీ అత్త పెట్టినాదా? పసుపు పెట్టకుండా కాగితం గడప దాటిస్తారా యాడన్నా? మంచిదే చేసినాది" అని పెట్టేశారు. ఆయన కూడా మిల్లులో ప్రతి కొత్త బిల్లు పుస్తకానికి మూలలకు పసుపు పెట్టేవారే. ఆయనకు ఇందులో తప్పు కనపడదు.

కాగితాలన్నీ కవర్లలోంచి తీసి, ఒళ్ళో పరిచి ఆరబెట్టుకుంటూ కూర్చున్నాను. నరసింహులు తన పక్క కిటికీ తలుపు దించాడు, గాలికి ఎగిరిపోకుండా. ఉండే ఒక్క పోస్టుకు నాతో పోటీ పడే మనిషి ఆ పని చేయాల్సిన అవసరం లేదు. అది గుర్తుంచుకున్నాను.

పెనుకొండ స్టేషనులో దిగేసరికి తొమ్మిది కావస్తోంది. కొండమీద కోట గోడ ఎండకు తెల్లగా ఉంది. వెయిటింగ్ రూములో ఊడ్చే ఆమెను అడిగితే లోపల గడియ వేసుకోనిచ్చింది, తలుపు బయట తనే నిలబడింది. చీర మడిచి, చుడీదారు, బూట్లు వేసుకుని వచ్చాను. "ఇప్పుడు ఇంజనీరు మాదిరి ఉండావు సామీ" అంది. ఆమెకు దండం. ఆటోలో ఇంకో ఇద్దరితో కలిసి పోతే మనిషికి ముప్పై తీసుకున్నాడు. దారిలో హోటలు దగ్గర ఆపించుకుని బొరుగుల ఉగ్గాని, ఒక బజ్జీ తిన్నాను. ఆకలితో ఇలాంటి చోటికి పోకండి.

ఫ్యాక్టరీ గేటు దగ్గర మొదట చూసింది కాళ్ళు. చెప్పులతో వచ్చిన ఇద్దరిని పక్కన నిలబెట్టి, పాత బూట్లు వెతికి తెచ్చి ఇచ్చారు. ఒకాయనకు పెద్దవై హాలంతా ఈడ్చుకుంటూ నడిచాడు. నన్ను చూసి సెక్యూరిటీ అతను ఏమీ అనకుండా లోపలికి చెయ్యి చూపించాడు. మూసిన బూట్లు తప్పకుండా తీసుకుపోండి. కొత్తవి వద్దు, అలవాటైనవి తీసుకుపోండి.

సర్టిఫికెట్లు చూసే అమ్మాయి హైదరాబాదు నుంచి వచ్చిందట. మర్యాదగల పిల్ల. టెన్త్ మెమో చూసి, "ఓపెన్ స్కూలా మేడం? అంతకు ముందు ఏ స్కూలు?" అని అడిగింది.

"మా ఇల్లేనమ్మా. నాకు చిన్నప్పటి నుంచి ఉబ్బసం. అమ్మ ఇంట్లోనే చెప్పింది. కరెంటు పని నాయన దగ్గర నేర్చుకున్నాను, ఆయన మోటార్లు చుట్టేవాడు."

తల ఊపి తర్వాతి కాగితం తీసింది. అనుభవ పత్రం. మొహం మారింది. "ఇక్కడ సంతకం ఏది?"

జిరాక్సు చూపించాను. అందులో సంతకం స్పష్టంగా ఉంది. ఆ అమ్మాయి రెండూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. "మేడం, సంతకం ఉన్న చోటే చెడిపోయింది. ఇలా ఉంటే ఒరిజినల్‌ను ఏదో చేసినట్టుందని రాయాల్సి వస్తుంది. మిమ్మల్ని నేను లిస్టులోంచి తీసేయను. ఇంటర్వ్యూ ప్యానెల్ చూస్తుంది" అంది. తన ట్యాబులో ఏదో రాసుకుంది. నా వెనక నిలబడినవాళ్ళు నా భుజం మీదుగా చూస్తున్నారు. పదకొండేళ్ళ పని ఉంది నాకు, కానీ ఆ నిమిషంలో దొంగ కాగితం తెచ్చినదానిలా నిలబడ్డాను.

మిషన్ల హాలు బాగుంది. ఇంత శుభ్రమైన జకార్డు మగ్గాలు నేను చూడలేదు. దుమ్ము పీల్చే గొట్టాలు పైన వరసగా ఉన్నాయి, ఉబ్బసం మనిషిని కాబట్టి ముందు అవే చూశాను. ఈ చోట పనిచేయాలన్న కోరిక అంతవరకు ఇంటికోసమే ఉండేది. మగ్గాల చప్పుడు విన్నాక నాకోసం కూడా పుట్టింది. అప్పుడు ఆ మరక మీద భయం ఇంకా పెరిగింది.

పన్నెండు లోపల నేనూ నరసింహులూ బయటపడి బస్టాండుకు వచ్చాం. హిందూపురం బస్సులో కాలు పెట్టడానికి చోటు లేదు, ఎట్లాగో ఎక్కాం. ఆడవాళ్ళు టికెట్టుకు దుడ్లు ఇవ్వక్కర్లేదు, కానీ ఆధార్ ఒరిజినల్ చేతిలో ఉంటేనే సున్నా టికెట్టు కొడతారు. నేను ఫైలంతా విప్పి వెతుకుతుంటే కండక్టరు, "నిదానంగా తీయమ్మా, హిందూపురం యాడికీ పోదు" అన్నాడు. బస్సంతా నవ్వింది. ఆధార్ మాత్రం ఫైలులో కాకుండా చేతిసంచిలో పెట్టుకోండి. సోమందేపల్లిలో సీటు దొరికింది. ఒళ్ళో సంచి పెట్టుకుని పెరుగన్నం తిన్నాను. పక్కన కూర్చున్న మిరపకాయల వ్యాపారం ఆమె తన ఊరిబిండి పచ్చడి కొంచెం నా డబ్బాలో వేసింది. ఎవరో తెలియని చేతి రుచి. ఆ పూట నాకు ధైర్యం ఇచ్చింది అదే.

హిందూపురం ఆఫీసు మెయిన్ రోడ్డుకు దగ్గరే, మేడమీద. వరసగా కుర్చీలు, గోడకు గడియారం. నరసింహులు నాకన్నా ముందు లోపలికి పోయి, త్వరగానే బయటికి వచ్చాడు. "మోటార్లు అడిగితే చెప్పినా. మనుషుల గురించి అడిగితే నోరు పెగల్లేదు మేడం" అన్నాడు.

నా పిలుపు వచ్చేసరికి మూడయింది. లోపల ముగ్గురు. మధ్యలో ఉన్నది ప్లాంటు పెద్ద, తుమకూరు వైపు ఆయన, తెలుగులో కన్నడం కలిపి మాట్లాడతారు. మగ్గాల మీద చాలా ప్రశ్నలు అడిగారు. విడిభాగాలు ఎట్లా తెప్పిస్తారు, రాత్రి షిఫ్టులో మగ్గం ఆగితే మొదట ఎవరికి చెప్పాలి, ఇలాంటివి. తెలిసినవి చెప్పాను, తెలియనివి తెలియవని చెప్పాను. తర్వాత ఆయన అనుభవ పత్రం తీసి బల్లమీద పెట్టారు.

ఎవరు పాడుచేశారని అడుగుతారనుకున్నాను. ఆయన అలా అడగలేదు. "ఇదు ఎట్లా అయిందో మొదటి నుంచి చెప్పమ్మా, నిదానంగా" అన్నారు.

ఒక్క క్షణం, నీళ్ళు ఒలికాయని చెబుదామా అనిపించింది. మా అత్త మాట ఇక్కడ ఎందుకు అనిపించింది. కానీ దేవుడి ముందు పెట్టిన కాగితం అది, దాని మీద అబద్ధం చెప్పడానికి నాలుక రాలేదు. అంతా చెప్పాను.

పక్కనున్నాయన నవ్వు ఆపుకున్నారు. ప్లాంటు పెద్ద నవ్వలేదు. "అత్తను తిట్టావా?"

"లేదు సార్. ఆమెకు ఇంకా తెలియదు. నేను ముందే చోటు చూపించి ఉంటే సరిపోయేది. మిల్లులో చూపించాను, ఇంట్లో మరిచాను."

"మిల్లులో అంటే?"

"ఆయుధపూజకు పనివాళ్ళు మగ్గాలకు పసుపు, కుంకుమ పెడతారు సార్. దారం తెగితే మగ్గాన్ని ఆపే చిన్న సెన్సారు కన్ను ఉంటుంది కదా, కుంకుమ దానిమీద పడితే మగ్గం ఊరికే ఆగిపోతుంది. నాకు ముందున్న మనిషి పూజే వద్దన్నాడట. పనివాళ్ళకు కోపం వచ్చి, మగ్గంలో ఏ చిన్న తేడా వచ్చినా ఆయనకు చెప్పడం మానేశారు. నేను చేరాక ప్రతి మగ్గానికి ముందు చట్రం మీద అరచేతంత రేకు కొట్టించాను. బొట్టు అక్కడే. టెంకాయ మగ్గం మీద కాదు, గుమ్మం దగ్గర. మొదటి బొట్టు నేను పెట్టాను. మిగతావాళ్ళు నా వెనకే పెట్టారు."

"ఒప్పుకున్నారా?"

"ఒకరిద్దరు, దేవుడికి రేకు ముక్క కొలిచి ఇస్తాండావా అని ఎత్తిపొడిచారు సార్. ఇంట్లో దేవుడికి అరమర కొలిచి కట్టుకోలేదా అన్నాను. అప్పుడు నవ్వారు."

ఈసారి ఆయన కూడా నవ్వారు. ఏదో రాసుకున్నారు. అక్కడే మా యజమానికి ఫోను కలపమన్నారు. స్పీకరులో మా యజమాని, "ఆ యమ్మ పోతే మాకు కష్టమే గానీ, ఎట్లాగూ మూసేస్తాండాము గదా. సంతకం ఎన్నిసార్లు కావాలన్నా చేస్తా" అన్నారు. అంతటితో నన్ను పంపేశారు. వస్తుందనీ అనలేదు, రాదనీ అనలేదు.

స్టేషను బయట టీ తాగి సాయంత్రం రైలెక్కాం. నరసింహులు మళ్ళీ ఎదురు సీటులోనే కూర్చున్నాడు. పొద్దున ఉన్న వాగుడు లేదు. జేబులోంచి నిమ్మకాయ తీసి చూసి, "సెక్యూరిటీ వాడు తడమనేలేదు" అన్నాడు. పొలాల మీద ఎండ పడుకుంటోంది. పెనుకొండ దాటిన కాసేపటికి నా ఫోను మోగింది. సర్టిఫికెట్లు చూసిన అమ్మాయి.

"మేడం, ప్యానెల్ మిమ్మల్నే ఎంపిక చేసింది. మెయిల్ రేపు వస్తుంది. సోమవారం లోపల కొత్త లెటరు తెచ్చి ఇవ్వండి, అదొక్కటే కండిషను. దానికి బొట్టు పెట్టాలంటే కవరు మీద పెట్టమనండి" అని నవ్వింది.

థ్యాంక్సు చెప్పి పెట్టేశాను. కళ్ళు మూసుకుని కాసేపు కదిరి సామికి చెప్పుకోవలసింది చెప్పుకున్నాను. తెరిచేసరికి నరసింహులు నన్నే చూస్తున్నాడు. ఎదురుగానే కూర్చున్నాడు, అన్నీ విన్నాడు.

"వచ్చినాదా మేడం?"

"వచ్చిందప్పా."

"సంతోషం" అని కిటికీ వైపు తిరిగాడు. ఆ 'సంతోషం' అన్న మాట అబద్ధం కాదు, కానీ దాని బరువు నాకు తెలుస్తోంది. నాకు రావడమంటే అతనికి పోవడమే.

ఇంటికి ఫోను చేస్తే అత్తే ఎత్తింది. విషయం చెప్పగానే, "నేను పసుపు పెడితి గదా మరి!" అంది. అవునత్తా అన్నాను. సంతకం సంగతి ఇంటికి పోయి మెల్లగా చెప్పవచ్చు.

కొత్తచెరువు స్టేషను దగ్గర పడుతుండగా నరసింహులు ఇటు తిరిగాడు. "మేడం, మీ కింద షిఫ్టు ఇంచార్జులు కావల్ల గదా?"

"కావాలి. ఇద్దరు కావాలని హాలులో చెప్పారు. కానీ తీసుకునేది నేనొక్కదాన్నే కాదు నరసింహులూ. మాట ఇవ్వలేను."

"మాట వద్దు మేడం. చూస్తే చాలు." జిరాక్సు సెట్టు ఒకటి మిగిలి ఉంటే తీసి నాకిచ్చాడు. అందుకే మూడు సెట్లు తీసుకుపోండి అంటాను. ఒకటి ఎవరికి ఇవ్వాల్సి వస్తుందో ముందే తెలియదు. అతను దిగి, ప్లాట్‌ఫారం మీద నుంచి చెయ్యి ఊపి, వెనక్కి చూడకుండా పోయాడు.

ధర్మవరం వచ్చేలోపల అతని కాగితాలు రెండుసార్లు చదివాను. పని బాగానే వచ్చినట్టుంది. నూలు మిల్లులో నాలుగేళ్ళు, దానికి ముందు ఒక ఏడాది ఏమీ రాయలేదు. ఎవరైనా మొదట అడిగేది ఆ ఖాళీ ఏడాది గురించే. నేను అడిగితే అతని నోరు మళ్ళీ పెగలకపోవచ్చు. ఎట్లా అడగాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. ఏం చేశావని కాదు, ఎందుకు మానేశావని కాదు. ఆ ఏడాది ఎట్లా గడిచిందో మొదటి నుంచి చెప్పప్పా, నిదానంగా, అని అడగాలి. రైలు ఆగింది. స్కూటరు దగ్గర మా ఆయన నిలబడి ఉన్నారు. నరసింహులు కాగితాలను నా డిప్లొమా వెనక, పొడిగా ఉన్న కవరులో పెట్టి దిగాను.